గుడారంలో మేం... బ్యారక్‌లో వాళ్లు!

తాడేపల్లిగూడెం దగ్గర ఓ పల్లెటూరు. ఆదివారం మధ్యాహ్నం. వేసవి సెలవులకు హైదరాబాద్ నుంచి మనవడు వచ్చాడు. అన్నం తింటూనే టీవీలో 'శామ్ బహదూర్' సినిమా పెట్టాడు. తినేసిన కంచం కింద పెట్టి, అడ్డంగా ఉందని కాలితో పక్కకు నెట్టాడు.

''కంచాన్ని కాలితో తంతావేంట్రా!''

వసారాలోంచి ఒక్క కేక. ఇంట్లో ఎవరూ ఉలిక్కిపడలేదు. వాళ్లకది అలవాటే. మిలట్రీ తాతకు కోపం రావడం అరుదు. వస్తే ఆ ఒక్క విషయానికే. 'మా మామగారి ముందు ఏ తప్పయినా చెయ్యొచ్చు గానీ, కంచానికి కాలు తగలకూడదు' అని కోడలు నవ్వుతూ చెబుతుంటుంది. ఎందుకో మాత్రం ఎవరూ అడగలేదు.

మనవడు కంచం తీసి పెరట్లో పెట్టొచ్చాడు. సినిమా అయిపోయింది. ఫోన్‌లో ఏదో చదివి, తాత పక్కన మంచం మీద కూర్చుని అడిగాడు.

''తాతయ్యా, 71 యుద్ధంలో తొంభై మూడు వేలమంది పాకిస్థానోళ్లు మనకు దొరికారంట కదా. అంతమందినీ ఊరికే ఎలా వదిలేశారు?''

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పడం మొదలుపెట్టారు. సాయంత్రం దీపాలు పెట్టేదాకా చెబుతూనే ఉన్నారు.

చూడని దొర

ఆ పల్లెకు నాలుగు ఊళ్ల అవతలే మాధవరం. ఇంటికొకరు చొప్పున సైన్యంలోకి వెళ్లే ఊరుగా దేశమంతా పేరున్న గ్రామం. ఆ గాలి ఈ ఊరికీ సోకింది. 1968లో, పద్దెనిమిదేళ్ల వయసులో ఆయన సైన్యంలో చేరారు. తుపాకీ పట్టి ముందు వరుసలో నిలబడాలని ఉండేది. ఎత్తు, చూపు, చెయ్యి తిరిగిన తీరు చూసి ఆర్మీ సర్వీస్ కోర్‌లో లారీ డ్రైవర్‌ని చేశారు. అంటే, సైన్యానికి తిండీ గింజా మోసే పని. మొదట్లో చిన్నతనంగా అనిపించింది. హవల్దారుగా రిటైరయ్యేనాటికి ఆ ఉద్యోగమంటే ఎంత గర్వమో!

జనరల్ మానెక్‌షాను ఆయన దగ్గర్నుంచి ఒక్కసారైనా చూడలేదు. ''చీఫ్‌కీ నాకూ మధ్య ఎన్ని మెట్లో లెక్కపెట్టాలంటే ఈ రాత్రి చాలదు. అయినా ఆయన మా మనిషే అనిపించేది'' అంటారు. లంగర్ దగ్గర రొట్టెల కోసం వరుసలో నిలబడినప్పుడు వినిపించే కథలన్నీ ఆయనవే. 1942లో బర్మాలో, సిట్టాంగ్ నది దగ్గర జపాన్ వాళ్ల తూటాలు పొట్టలో దిగితే బతకడనుకున్నారట. జనరల్ కోవన్ తన గుండెల మీదున్న మిలటరీ క్రాస్ రిబ్బన్ తీసి అక్కడికక్కడే ఆ కుర్ర కెప్టెన్‌కి పెట్టారట. చనిపోయినవాళ్లకు అప్పట్లో ఆ పతకం ఇచ్చేవారు కాదు మరి. అలాంటి మనిషి బతికి, 1969 జూన్‌లో సైన్యాధిపతి అయ్యారు. అమృత్‌సర్‌లో పుట్టిన పార్శీ అయినా గోర్ఖా జవాన్లు ముద్దుగా పెట్టుకున్న పేరు శామ్ బహదూర్.

''పెద్దాఫీసర్ల గురించి జవాన్లు మంచిగా చెప్పుకోవడం అంత తేలికేం కాదండీ. తిట్టుకోవడమే ఎక్కువ. ఆయన్ని తిట్టినవాణ్ని నేను చూడలేదు.''

ఆగమన్న మనిషి

1971 మార్చి 25 రాత్రి పాకిస్థాన్ సైన్యం ఢాకాలో విరుచుకుపడింది. తూర్పు పాకిస్థాన్ నుంచి జనం సరిహద్దు దాటి రావడం మొదలైంది. ఏడాది చివరికి వాళ్ల సంఖ్య కోటికి చేరింది. ఏప్రిల్‌లోనే దాడి చేయాలని ఢిల్లీలో ఒత్తిడి. వానాకాలం ముంచుకొస్తోంది, బలగాలు సిద్ధంగా లేవు, చలికాలం దాకా ఆగాలని ఇందిరా గాంధీతో తాను కచ్చితంగా చెప్పానని మానెక్‌షా తర్వాత పలు సందర్భాల్లో వివరించారు.

ఆ ఆగడం విలువ ఏమిటో ఢిల్లీలో ఉన్నవాళ్లకన్నా తనలాంటి డ్రైవర్లకే బాగా తెలుసంటారాయన. త్రిపురలో అప్పట్లో రైలు ధర్మనగర్ వరకే. అక్కడి నుంచి అగర్తలా వైపు అంతా కొండదారి. మందుగుండు, బియ్యం, పిండి, డీజిల్, మందులు... ప్రతిదీ లారీల మీదే పోవాలి. ఆయన నడిపింది శక్తిమాన్ లారీ. వర్షాకాలమంతా అదే దారి. ఓ పక్క కొండ, మరో పక్క లోయ. మట్టి జారితే లారీ ఆపి, పార పట్టుకుని దిగాల్సిందే.

''దారి పక్కన కాందిశీకులు. చంకలో పిల్లలు, నెత్తిన మూటలు. లారీ ఆపకూడదని ఆర్డరు. ఎలా ఆపకుండా ఉంటాం? రెండు రొట్టెలు కిందికి విసిరి, చూడనట్టు పోయేవాళ్లం'' అని గుర్తుచేసుకున్నారు. ఆ ముసలివాళ్లు, ఆ ఆడపిల్లలు చెప్పిన సంగతులు భాష పూర్తిగా రాకపోయినా అర్థమయ్యేవి. లోపల కోపం పేరుకుంటూ వచ్చింది. ఆ కోపమే తర్వాత ఆయన చేత ఓ పని చేయించింది.

రేడియోలో మాట

డిసెంబరు 3న యుద్ధం మొదలైంది. అదే రాత్రి విశాఖ తీరంలో పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. ఆ కబురు ఆంధ్ర దేశమంతా పాకింది. ఇక్కడ, ఈ ఇంట్లో, వాళ్లమ్మకు మాత్రం కొడుకు దగ్గర్నుంచి నలభై రోజులుగా ఉత్తరం లేదు. పొద్దున్నే పోస్టుమ్యాన్ సైకిల్ గంట వినపడితే వాకిట్లోకి వచ్చి నిలబడేదట. అతను తల అడ్డంగా ఊపి వెళ్లిపోయేవాడట.

ఈ పదమూడు రోజుల్లో మానెక్‌షా మరో యుద్ధం కూడా చేశారు. రేడియోలో శత్రు సైనికులతో నేరుగా మాట్లాడారు. అవే మాటలు కరపత్రాలై విమానాల నుంచి రాలాయి. మీ దారులన్నీ మూసుకుపోయాయి, అనవసరంగా ప్రాణాలు పోగొట్టుకోవద్దు, లొంగిపోతే సైనికులకు దక్కాల్సిన గౌరవం దక్కుతుంది, జెనీవా ఒప్పందం ప్రకారమే చూసుకుంటాం... సారాంశం ఇదీ.

డిసెంబరు 16న ఢాకా రేస్‌కోర్స్ మైదానంలో జనరల్ నియాజీ, జనరల్ జగ్‌జీత్ సింగ్ అరోరా ఎదుట సంతకం చేశారు. ఆ పత్రంలోనూ అదే హామీ రాతపూర్వకంగా ఉంది. పగతో రగిలిపోతున్న జనం మధ్య బందీలు బలికాకుండా కాపాడటం కూడా మన సైన్యం మీదే పడింది. ఆత్మరక్షణ కోసం కొన్నాళ్లు వాళ్ల ఆయుధాలు వాళ్లనే ఉంచుకోనిచ్చారు కూడా.

మన జవాన్లకూ చీఫ్ హెచ్చరిక ఉంది. దోపిడీ, ఆడవాళ్ల జోలికి పోవడం... ఈ రెండూ సహించేది లేదని. పరాయి ఆడవాళ్లు ఎదురుపడితే చేతులు జేబులో పెట్టుకుని తనను తలచుకోమన్నారని జవాన్లు చెప్పుకునేవారు. ''నవ్వుకునేవాళ్లం. కానీ చేతులు జేబులోనే ఉండేవి'' అన్నారు తాత.

1972 మార్చికల్లా మన సేనలు బంగ్లాదేశ్ వదిలి వచ్చేశాయి. గెలిచిన సైన్యం మూడు నెలల్లో తిరిగి వెళ్లిపోవడం ప్రపంచ చరిత్రలో తరచుగా కనిపించేది కాదు.

తన్నిన కంచం

బందీలు దాదాపు 93 వేలమంది. సైనికులే కాదు... పారామిలిటరీ వాళ్లు, పోలీసులు, ఉద్యోగులు, వాళ్ల భార్యాపిల్లలు కూడా అందులో ఉన్నారు. వారిని రైళ్లలో తెచ్చి రాంచీ, గయ, మీరట్, ఆగ్రా, జబల్‌పూర్ లాంటి చోట్ల శిబిరాల్లో ఉంచారు. మన డ్రైవర్‌కి పోస్టింగ్ రాంచీలో ఓ శిబిరానికి పడింది. పని అదే. రేషన్ తేవడం, దించడం.

అక్కడికెళ్లాక చూస్తే... పక్కా బ్యారక్‌లు ఖాళీ చేయించి బందీలకు ఇచ్చారు. మన జవాన్లకు బయట గుడారాలు. బందీలకు మంచాలు. మనవాళ్లకు నేల మీద పరుపు గుడ్డ.

''ఒళ్లు మండిపోయింది. గెలిచింది మేమా, వాళ్లా అనుకున్నాం. వానకు గుడారంలోకి నీళ్లొచ్చేవి. పరుపులు చుట్టి పెట్టెల మీద పెట్టి కూర్చునేవాళ్లం. ఎదురుగా బ్యారక్‌లో వాళ్లు హాయిగా నిద్రపోతుండేవారు. నాతోపాటు కొండదారిలో లారీ తోలిన స్నేహితుడు యుద్ధంలో పోయాడు. అది ఒక పక్క. కాందిశీకుల ముఖాలు ఒక పక్క.''

ఓ రోజు మధ్యాహ్నం ఆటా బస్తాలు దించుతున్నారు. నడివయసు బందీ ఒకాయన నేల మీద కూర్చుని రొట్టె తింటున్నాడు. దారికి అడ్డంగా ఉన్నాడు. లేవమంటే లేచేవాడే. మన డ్రైవర్ అడగలేదు. బూటు కాలితో కంచాన్ని తన్నాడు. రొట్టె, పప్పు మట్టిపాలయ్యాయి. ఆ మనిషి ఒక్క మాటా అనలేదు. ఒలికిన పప్పు వైపే చూస్తూ కూర్చున్నాడు.

సుబేదార్ సాబ్ చూశారు. వీపున మూట కట్టి మైదానం చుట్టూ పరుగెత్తిస్తారనుకున్నాడు. ఆయన అలా చేయలేదు. దగ్గరికి పిలిచి మెల్లగా అడిగారట.

''రేడియోలో మాటిచ్చింది ఎవరు?''

''చీఫ్ సాబ్.''

''చీఫ్ సాబ్ ఇక్కడికొచ్చి వీళ్లకు రొట్టెలు పెడతారా? ఆయన మాట నిలబెట్టాల్సింది ఎవరు? నువ్వు. దాన్ని నువ్వే తన్నావు.''

తర్వాత శిక్ష చెప్పారు. లంగర్‌కి వెళ్లి తన వాటా భోజనం ఇంకో కంచంలో పెట్టించుకుని రావాలి. స్వయంగా ఆ బందీ చేతికి ఇవ్వాలి. ఆయన తినేదాకా పక్కన నిలబడాలి. ఖాళీ కంచం కడిగి లోపల పెట్టాలి.

''ఇరవై రెండేళ్లవాణ్ని. అందరూ చూస్తున్నారు. ఆ నాలుగడుగులు వేయడం కన్నా ధర్మనగర్ కొండ ఎక్కడం తేలికనిపించింది'' అని చెప్పి తాత ఆగిపోయారు. యాభై ఏళ్లకు పైగా ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతది. వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న కోడలు, అత్తగారి వైపు చూసింది. ఆమెకూ తెలియదు.

ఉత్తరాలు

బందీలతో మాట్లాడకూడదన్నది నియమం. అయినా బస్తాలు దించేటప్పుడు రెండు మాటలు దొర్లేవి. కంచం అందుకున్న ఆ మనిషీ డ్రైవరేనట. పాకిస్థాన్ సైన్యంలో బెడ్‌ఫోర్డ్ లారీ నడిపేవాడు. ఓ రోజు శక్తిమాన్‌ను చూపిస్తూ గేరు ఎలా పడుతుందని సైగ చేసి అడిగాడు. పంజాబీ కలిసిన ఉర్దూ ఆయనది, తెలుగు కలిసిన హిందీ ఈయనది. ఆ తర్వాత అడిగింది ఉత్తరాల గురించి. ఇంటికి రాసి చాలా రోజులైంది, ఎన్నాళ్లకు చేరుతుందని.

బందీల ఉత్తరాలు రెడ్‌క్రాస్ ద్వారా వెళ్లేవి. తనిఖీలయ్యి, దేశాలు దాటి చేరాలి. ఆయన ఆ మాట అడిగినప్పుడు మన డ్రైవర్‌కి గుమ్మంలో నిలబడిన తన తల్లి గుర్తొచ్చిందట. ''వాళ్లమ్మా అలాగే నిలబడి ఉంటుంది కదా అనిపించింది. అప్పటిదాకా ఆ మనిషికి ఓ అమ్మ ఉంటుందని కూడా నాకు తట్టలేదు.''

అలాగని అంతా సాఫీగా ఏమీ జరగలేదు. తప్పించుకోవాలని చూసినవాళ్లున్నారు. ముళ్లకంచె, సెంట్రీలు, తుపాకులు అన్నీ ఉన్నాయి. అది జైలే. కాకపోతే, మాట ఇచ్చిన జైలు.

సైన్యంలో తరచూ చెప్పుకునే ఓ సంఘటన ఉంది. 1972 చివర్లో సరిహద్దు రేఖ గీసే విషయమై మానెక్‌షా లాహోర్ వెళ్లి, పాక్ సైన్యాధిపతి టిక్కాఖాన్‌తో చర్చలు జరిపారు. అక్కడ భోజనాల తర్వాత పరిచారకుల్లో ఒకరు ముందుకొచ్చి తలపాగా తీసి ఆయన కాళ్ల ముందు పెట్టారట. తన కొడుకులు భారత్‌లో బందీలుగా ఉన్నారనీ, తాము మంచాల మీద, భారత జవాన్లు నేల మీద పడుకుంటున్నారని ఉత్తరం రాశారనీ చెప్పారట. చాలా ఏళ్ల తర్వాత ఈ కథ విన్నప్పుడు, రాంచీ గుడారంలో కారిన ప్రతి చుక్కకూ లెక్క సరిపోయిందనిపించింది తాతకి.

ఊరికే వదిలేశారా?

ఇక మనవడి ప్రశ్న. 1972 జులై 2న సిమ్లాలో ఇందిర, భుట్టో ఒప్పందం చేసుకున్నారు. పశ్చిమాన మనం పట్టుకున్న వేల చదరపు కిలోమీటర్ల నేల తిరిగిచ్చేశాం. కశ్మీర్‌లో మాత్రం తుర్‌తుక్ లాంటి ప్రాంతాలు మన చేతిలోనే ఉండేలా ఆ డిసెంబరులో నియంత్రణ రేఖ ఖరారైంది. గొడవలను ఇద్దరమే కూర్చుని తేల్చుకోవాలన్నది సిమ్లా సారాంశం. కశ్మీర్ సంగతి అప్పుడే తేల్చాల్సిందన్న విమర్శ ఆ రోజు నుంచీ ఉంది. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ ఆ ఒప్పందాన్నే పక్కన పెట్టే హక్కు తనకుందని ప్రకటించాక ఆ విమర్శకు మళ్లీ పదును వచ్చింది.

''నేల విషయంలో నాకూ కడుపుమంటే'' అని ఒప్పుకుంటారు తాత. మనుషుల విషయం వేరంటారు. యుద్ధం ముగిశాక బందీలను ఆలస్యం లేకుండా పంపేయాలన్నది జెనీవా ఒప్పందంలోని నియమం. నిజానికి మనం వెంటనే పంపలేదు. వాళ్లు లొంగిపోయింది భారత్-బంగ్లాదేశ్ ఉమ్మడి కమాండ్‌కు కాబట్టి, బంగ్లాదేశ్ లేకుండా నిర్ణయం కుదరదని ఢిల్లీ పట్టుబట్టింది. పాకిస్థాన్ ఏమో బంగ్లాదేశ్‌ను దేశంగానే ఒప్పుకోలేదు. చివరికి 1973 ఆగస్టులో ఢిల్లీ ఒప్పందం కుదిరింది. బందీలు పాకిస్థాన్‌కు, అక్కడ చిక్కుకున్న బెంగాలీలు బంగ్లాదేశ్‌కు, బంగ్లాదేశ్‌లోని పాకిస్థానీయులు వాళ్ల దేశానికి చేరే దారి అలా పడింది. 1974 ఫిబ్రవరిలో పాకిస్థాన్ బంగ్లాదేశ్‌ను గుర్తించింది. యుద్ధ నేరాల విచారణ కోసం ఆపి ఉంచిన 195 మందిని కూడా ఆ ఏప్రిల్‌లో వదిలేయాలని మూడు దేశాలూ అంగీకరించాయి. ఊచకోతలకు శిక్ష పడలేదన్న బాధ బంగ్లాదేశ్‌కు మిగిలిపోయింది.

తాతకు మిగిలిన బాధ మరొకటి. అటువైపు చిక్కిన మనవాళ్లందరూ తిరిగి రాలేదు. 1971లో గల్లంతై, పాకిస్థాన్ జైళ్లలో ఉన్నారని కుటుంబాలు నమ్ముతున్నవారు 54 మంది. తమ దగ్గర ఎవరూ లేరన్నది పాకిస్థాన్ మాట. 2007లో కొన్ని కుటుంబాల వాళ్లు అక్కడికి వెళ్లి జైళ్లు చూశారు. తమవాళ్లు కనిపించలేదు.

''ఆ లెక్క తేలకుండా పంపకూడదని ఓ పక్క అనిపిస్తుంది. ఆ యాభై నాలుగిళ్లలోనూ అమ్మలు వాకిట్లో నిలబడే పోయారు కదరా. కానీ వాళ్లు మాట నిలబెట్టుకోలేదని, మా కాపలాలో ఉన్న ఆ లారీ డ్రైవర్‌ని ఆపితే సరిపోతుందా? ఈ రెంటికీ మధ్య నాకిప్పటికీ సమాధానం దొరకలేదు.''

ఖాళీ కుర్చీలు

1973 జనవరిలో మానెక్‌షా ఫీల్డ్ మార్షల్ అయ్యారు. స్వతంత్ర భారతంలో ఆ హోదా అందుకున్న తొలి వ్యక్తి ఆయనే. ఆ నెలలోనే పదవీ విరమణ చేశారు. నీలగిరుల్లో స్థిరపడి, 2008 జూన్ 27న వెల్లింగ్టన్ సైనికాసుపత్రిలో, 94 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అంత్యక్రియలకు రాష్ట్రపతి రాలేదు, ప్రధాని రాలేదు. కేంద్రం తరఫున వెళ్లింది రక్షణశాఖ సహాయ మంత్రి, మన కాకినాడ ఎంపీ పళ్లంరాజు. ఆ రోజు టీవీ ముందు కూర్చున్న తాత మధ్యాహ్నం అన్నం ముట్టలేదని నాయనమ్మ గుర్తుచేసింది.

''ఎవరొచ్చారు, ఎవరు రాలేదు అని ఆయన లెక్కేసుకునే మనిషి కాదులే. నాకే ఉసూరుమంది. ఊపిరుంటే అక్కడికెళ్లి ఓ సెల్యూట్ కొట్టాలనిపించింది. దగ్గర్నుంచి చూసినట్టూ ఉండేది'' అన్నారు తాత.

చీకటి పడింది. మనవడు ఇంకొక్క ప్రశ్న అడిగాడు. ''మరి కంచం తీసుకున్నాయన ఆ రోజు నీతో ఏమన్నాడు తాతయ్యా?''

''ఏమీ అనలేదు. తింటూ తింటూ రొట్టె సగం తుంచి నా వైపు చాపాడు. నా వాటా భోజనమని ఎవరో చెప్పేసుంటారు.''

''తీసుకున్నావా?''

''సుబేదార్ సాబ్ చూస్తున్నారు కదా... తీసుకోలేదు'' అన్నారు. కాసేపాగి, ''తీసుకోవాల్సింది'' అన్నారు.

ఆ రాత్రి భోజనాలయ్యాక మనవడు తన కంచంతోపాటు తాత కంచం కూడా తీసుకుని పెరట్లోకి నడిచాడు.